భర్త అని రాసిన ట్యూబు

గూడూరు దగ్గరి ఒక తండాలో ఆ రోజు నేను ఐదు నిమిషాల్లో రెండు ట్యూబుల రక్తం తీసి, ఒకదాని మీద ‘భార్య’ అని, ఇంకోదాని మీద ‘భర్త’ అని రాశాను. నా చేతిరాత గుండ్రంగా, ముచ్చటగా ఉంటుందని మా ల్యాబులో పేరు. ఆ రెండో ట్యూబు గురించే ఇదంతా రాస్తున్నాను.

అవి సమ్మె రోజులు. తెలంగాణ కోసం ఆఫీసులు, బడులు, బస్సులు, బొగ్గు గనులు అన్నీ కలిసి ఆగిపోయిన కాలం. అప్పటికి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఇంకా జిల్లాలు కాలేదు, అన్నీ వరంగల్ కిందే. మా సొంతూరు లింగాల ఘనపూర్ పక్కన ఉన్నా, కాపురం జనగామలో. రోజూ పొద్దున రైలెక్కి కాజీపేటలో దిగి, హనుమకొండలో ఒక చిన్న ల్యాబుకు పోయేదాన్ని. పుట్టుకతో వచ్చే రక్తం జబ్బులను డీఎన్ఏలో వెతికి పట్టుకోవడం మా పని. ప్రైవేటు జీతం కాబట్టి సమ్మె నాకు లేదు. మా బాపు మాత్రం జనగామ చౌరస్తాలో టెంటు కింద కూర్చునేవాడు. నేను సంచి భుజానికి తగిలించుకుని ఆ టెంటు ముందు నుంచే స్టేషనుకు పోవాలి.

“అందరు పని బందువెడితె నా బిడ్డ ఒక్కతె పనికి పోతాంది, సూడుండ్రి,” అనేవాడు నలుగురూ వినేటట్టు.

“ఇంటికి ఒక్కలు కూసుంటె సాలు బాపూ,” అని నేనూ అందరూ వినేటట్టే అనేదాన్ని. మా ఇంట్లో నోరు మూసుకునే అలవాటు ఎవరికీ లేదు. ఆదివారాలు ఆ టెంటులో నేనూ కూర్చున్నాను, నినాదాలూ ఇచ్చాను. తరువాత చెప్పబోయేది విని నేను సమ్మెను తప్పుపడుతున్నానని ఎవరూ అనుకోవద్దని ముందే చెబుతున్నాను.

తండాలోని ఆమెకు ఇరవై రెండేళ్ళుంటాయేమో. లంబాడాల అమ్మాయి. మొదటి కొడుకు తలసీమియాతో పోయాడు. ఆ జబ్బున్న పిల్లలకు ఒంట్లో రక్తం సరిగ్గా తయారు కాదు, నెలనెలా ఎక్కించాల్సిందే. మూడేళ్ళు ఎక్కించారు. నాలుగో ఏట బాబు దక్కలేదు. తల్లి డీఎన్ఏలో ఒక తప్పు, తండ్రి డీఎన్ఏలో ఒక తప్పు ఉంటే వాళ్ళిద్దరూ ఏ జబ్బూ తెలియకుండా బతికేస్తారు. ఆ రెండు తప్పులూ ఒకే బిడ్డకు చేరితేనే జబ్బు. ఏ కాన్పుకైనా నాలుగింట ఒక వంతు ఆ ప్రమాదం ఉంటుంది. ఈసారి ఆమె కడుపుతో ఉన్న సంగతి దవాఖానకు తెలిసేసరికే నాలుగో నెల నడుస్తోంది. ఇరవై వారాలు దాటితే అప్పటి చట్టం ప్రకారం కడుపు తీయడానికి వీల్లేదు. లోపలున్న బిడ్డకు జబ్బు ఉందా లేదా అన్నది ఆలోపల మేము చెప్పాలి.

ముందు తల్లిదండ్రుల రక్తం చూడాలి. బస్సులు లేవు, వాళ్ళు రాలేరు. ఆటోలు మారుతూ నేనే పోయాను. రేకుల ఇంటి ముందు నులక మంచం వాల్చి ఉంది. ఆమె కొంగు గడ్డం దాకా దించుకుని గోడ వైపు తిరిగి కూర్చుంది. ముప్పై దాటిన మనిషి ఒకాయన ఎదురొచ్చి చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

“తియ్యుండ్రి మేడం. ఎంత గావాల్నో గంత తియ్యుండ్రి,” అన్నాడు.

తీశాను. ఆమెను రెండు ప్రశ్నలు అడిగితే తల ఊపింది తప్ప నోరు విప్పలేదు. సూది గుచ్చినప్పుడు కూడా ఉలుకూ పలుకూ లేదు. కొత్త మనిషిని కదా, సిగ్గు అనుకున్నాను. అవతల ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. ట్యూబుల మీద రాసి, ఐసు డబ్బాలో సర్దుకుని బయల్దేరాను.

నాలుగు రోజుల తర్వాత ఆమె అత్తతో కలిసి ఎట్లాగో హనుమకొండ దవాఖానకు వచ్చింది. పదహారో వారం. స్కానింగులో చూస్తూ డాక్టరమ్మ ఉమ్మనీరు తీసింది. అందులో బిడ్డ కణాలు ఉంటాయి. మూడు డీఎన్ఏలూ ఇక నా చేతిలో ఉన్నాయి.

మేము చేసే పని చెప్పాలంటే తేలికే, చేయడమే కష్టం. డీఎన్ఏ అంటే జంట పోగు. ఒక పోగులో ప్రతి అక్షరానికీ ఎదుటి పోగులో జత అక్షరం ఒక్కటే ఉంటుంది, ఇంకోదానితో కుదరదు. బాగా వేడి చేస్తే రెండు పోగులూ విడిపోతాయి, వేడి తగ్గితే మళ్ళీ తన జతను వెతుక్కుని అతుక్కుంటాయి. మా దగ్గర వేలెడు పొడవు నైలాన్ పట్టీ ఉంటుంది. దాని మీద చిన్నచిన్న పోగులు చుక్కలు చుక్కలుగా ముందే అంటించి ఉంటాయి. వాటిని ప్రోబులంటాం. పై వరుసలో సరైన అక్షరం ఉన్నవి, కింది వరుసలో తప్పు అక్షరం ఉన్నవి. మనిషి డీఎన్ఏను మెషిన్లో పెంచి, వేడితో విడదీసి, ఆ పట్టీ మీద పోసి, నలభై రెండు డిగ్రీల నీళ్ళ తొట్టిలో ఉంచుతాం. ఒక్క అక్షరం తేడా ఉన్న పోగు కూడా అక్కడ అతుక్కుంటుంది గాని, అది మొహమాటానికి పక్కన కూర్చున్న చుట్టం లాంటిది. సరైన వేడిలో కడిగితే లేచిపోతుంది. అసలు జత లేవదు. చివర రంగు మందు పోస్తే అతుక్కున్న చోటల్లా నీలం చుక్క తేలుతుంది. పై చుక్క ఒక్కటే తేలితే ఏ తప్పూ లేనట్టు. పైదీ కిందిదీ రెండూ తేలితే తప్పు ఒకటే మోస్తున్నట్టు, జబ్బు లేనట్టు. కింది చుక్క ఒక్కటే తేలితే జబ్బు.

ఆమె పట్టీ మీద రెండు చుక్కలు వచ్చాయి. అది అనుకున్నదే. బిడ్డ పట్టీ మీద కింది చుక్క ఒక్కటే వచ్చింది. ‘భర్త’ పట్టీ మీద పై చుక్క ఒక్కటే వచ్చింది.

ఆ మూడు పట్టీలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాను. బిడ్డకు రెండు తప్పులు వచ్చాయి. ఒకటి తల్లిది. రెండోది తండ్రి దగ్గర లేనే లేదు.

మా సార్‌ది గోదావరి జిల్లా. ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్ళయినా మాట మారలేదు. పట్టీలు దీపం కింద పెట్టి చూసి, “ఇదెలా కుదురుతుందమ్మా?” అన్నాడు.

“కరెంటు సార్. కడుగుతుంటే పోయింది. తొట్టి సల్లవడ్డది.”

“చల్లబడితే ఏమవుతుంది? జత కానిది కూడా అంటుకుని ఉండిపోతుంది. చుక్క ఎక్కువొస్తుంది గాని ఉన్న చుక్క పోదు కదా. కరెంటు మీదకి తోసెయ్యకు.”

బొగ్గు రాక కరెంటు, కరెంటు లేక మా పని, అన్నీ గొలుసులా తెగిపోతున్న రోజులవి. నా ముక్కు మీద కోపం ఎటూ సిద్ధంగానే ఉంటుంది. “మా సమ్మె అంటె మీకు ఎట్లనో ఉంటది గద సార్,” అన్నాను.

“నేను సమ్మె సంగతి అన్లేదమ్మా, చుక్క సంగతి అన్నాను,” అన్నాడు ఆయన, గొంతు పెంచకుండానే. మళ్ళీ చెయ్యమన్నాడు. అదే ట్యూబులోంచి మళ్ళీ డీఎన్ఏ తీసి, కరెంటు ఉండే గంటలు లెక్క చూసుకుని రెండు రోజులు పట్టి చేశాను. అదే చుక్క, అదే చోట.

“నీ చేత్తోనే తీశావా రక్తం?”

“నా చేతితోనే.”

“భర్తదేనా?”

“భర్తదే సార్. నేనే తీసిన, నేనే రాసిన.”

ఎంత గట్టిగా చెప్పానో ఇప్పటికీ చెవిలో ఉంది. ఉమ్మనీరు ట్యూబు మారిందేమో అని దవాఖానలో అడిగాం. ఆ రోజు ఉమ్మనీరు తీసింది ఆమె ఒక్కదానికే. ఇక సార్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“ఇంక మిగిలింది ఒకటే. అది మనం నోటితో అనకూడదు. తండ్రి దగ్గర లేని తప్పు బిడ్డకి ఉందని మనం కాగితం మీద రాసిస్తే, ఎవడో ఒకడు అది వాళ్ళింట్లో చదివి అర్థం చెబుతాడు. ఆ అమ్మాయిని బతకనిస్తారా? పోనీ ఆ కాగితం ఇవ్వకపోతే వారాలు దాటిపోతున్నాయి. నన్ను ఆలోచించుకోనియ్యి.”

ఆయన ఆలోచించుకున్నాడు. నేను మాత్రం ఆలోచించలేదు, తీర్పు చెప్పేశాను. గడ్డం దాకా కొంగు దించుకుని గోడకేసి తిరిగి కూర్చున్న ఆ మనిషి కళ్ళ ముందు మెదిలింది. అది సిగ్గు కాదు, తప్పు చేసిన మొహం దాచుకోవడం అనుకున్నాను. పక్కన చెయ్యి చాపి రక్తం ఇచ్చిన ఆ మగమనిషి మీద జాలిపడ్డాను కూడా. నేను కూడా ఒక ఆడదాన్నే, చదువుకున్నదాన్ని. ఐదు రోజులు ఆ అనుమానాన్ని మనసులో మోస్తూ రైలెక్కాను, దిగాను, అన్నం తిన్నాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది.

పదిహేడో వారం గడిచిపోయింది. పద్దెనిమిదో వారం మొదలయ్యాక నేనిక ఉండలేకపోయాను. ఆమెను ఒంటరిగా కలిసి, నయానో భయానో నిజం చెప్పించాలనుకున్నాను. సార్‌కు చెబితే వద్దంటాడని చెప్పలేదు. సూదులూ ట్యూబులూ ఎప్పుడూ సంచిలో ఉండేవే. జనగామలో దొరికిన రైలెక్కి మహబూబాబాద్ పోయాను. పట్టాల మీద జనం కూర్చుంటే దారిలో గంటన్నర ఆగింది. స్టేషను బయట గూడూరు పోయే షేర్ ఆటో దొరికింది.

ఆటోలో నా పక్కన ఒక లంబాడా ఆమె, నలభై ఏళ్ళుంటాయి. గలగలా మాట్లాడే మనిషి. పత్తికి పురుగు పట్టిన సంగతి, తన మొగుడు చేనుకు మందు కొట్టకుండా టెంటులో పేకాడుతున్న సంగతి చెప్పి నవ్విస్తోంది. దారిలో ఒకచోట తలపాగా చుట్టుకున్న ముసలాయన డ్రైవరు పక్కన ఎక్కాడు. ఈమె సగం మాటలో ఆగి కొంగు గడ్డం దాకా లాగేసుకుంది. అటు తిరిగి బొమ్మలా కూర్చుంది. నేనేదో అడిగితే బదులు లేదు. రెండు ఊళ్ళు దాటాక ఆయన దిగాడు. కొంగు వెనక్కి పోయింది, పురుగుల మందు సంగతి ఆగిన చోటునుంచి మొదలైంది.

“ఎవలక్కా ఆయన?”

“మా పెద్ద బావ. మా ఇంటాయనకు అన్న. బావ ముంగట మొఖం సూపియ్యం, మాట్లాడం. మా రివాజు గంతే.”

“మరి మీ ఆయన ముంగట?”

“ఆయన ముంగట ఎందుకు కప్పుకుంట? కప్పుకుంటె తిట్టుడెట్ల?” అని పకపకా నవ్వింది.

గూడూరు వచ్చేదాకా ఆమె ఏం చెప్పిందో ఒక్క ముక్క వినలేదు. నేను పుట్టి పెరిగిన జిల్లాలో నా చుట్టూ ఉన్న తండాల రివాజు అది. పట్టీ మీద ఒక్క అక్షరం తేడా పట్టుకునే నేను, కళ్ళెదుట కొంగు చూసి అది ఎవరి ముందు కప్పుకున్న కొంగో అడగలేదు.

తండాలో ఆమె ఒక్కతే ఉంది. నెత్తి మీద కొంగు లేదు. గుమ్మంలో కూర్చుని ఏరిన పత్తిలో చెత్త తీస్తోంది. నన్ను చూసి లేచి, “అక్కా, ఏమొచ్చింది? మంచిగనే ఉన్నదా?” అంది. ఆమె గొంతు వినడం నాకదే మొదటిసారి.

“ఆ రోజు రక్తమిచ్చినాయన ఎవరు?” అన్నాను.

“మా బావ.”

“నీ మొగుడేడి మరి?”

“భూపాలపల్లిల. బొగ్గు గనిల కాంట్రాక్టు పని. సమ్మెల కూసున్నడు. బస్సుల్లేవాయె, రాలేకపోయిండు. మేడం వచ్చి ఉత్తగ పోతె మల్ల రాదని బావనే ఇచ్చిండు. ఒక్క తల్లి కడుపున పుట్టినోళ్ళం, మా ఇద్దరిది ఒక్కటే రక్తం అన్నడు.”

“నువ్వు చెప్పద్దా నాకు?”

“బావ ముంగట ఎట్ల మాట్లాడుత? మొఖం కప్పుకున్న గద, నీకు సమజైతదనుకున్న. దవాఖానకు వచ్చిన నాడు అత్తనడిగిన, చెప్పాల్నా అని. ఒక్క రక్తమే గద, ఊకో అన్నది.” చేతిలోని పత్తి కింద పెట్టి, “నువ్వు గూడ అడగలే అక్కా,” అంది. నిష్ఠూరం లేదు ఆ మాటలో, ఉన్న సంగతి చెప్పింది.

ఒక తల్లి కడుపున పుట్టినా తల్లిదండ్రుల్లో ఒకరి తప్పు ఒక కొడుక్కు రావచ్చు, ఇంకో కొడుక్కు రాకపోవచ్చు. బావకు రాలేదు. ఆ సంగతి ఆమెకు వివరించి, నీ భర్త రక్తం కావాలని మాత్రం చెప్పాను. బిడ్డ పట్టీ మీద ఏం తేలిందో చెప్పలేదు. అడుగుతూనే ఉంది, నేను తల వంచుకుని సంచి సర్దుకున్నాను. భర్త పట్టీ మీద కింది చుక్క కూడా తేలితే ఆమె మీద పడిన మచ్చ, ఆమెకు తెలియకుండా మేము వేసిన మచ్చ, పోతుంది. అదే చుక్క తేలితే బిడ్డకు జబ్బన్న మాట ఖాయమవుతుంది. ఏది కోరుకోవాలో తెలియని స్థితి అంతకుముందు నాకెప్పుడూ రాలేదు.

అటునుంచి అటే భూపాలపల్లి బయల్దేరాను. నర్సంపేట దాకా ఒక ఆటో, తర్వాత ఇంకో ఆటో, పరకాల దగ్గర ఒక జీపు. పరకాల దాటాక రోడ్డు మీద రాళ్ళు అడ్డం పెట్టి, మూడు పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. బండ్లన్నీ ఆపేశారు.

“దిగు బిడ్డా, తినిపో. తినందే బండి కదలది,” అన్నదొక అవ్వ, విస్తరాకు చేతిలో పెట్టి.

“నాకు జర పని ఉన్నదవ్వా, ఒకామె కడుపు సంగతి.”

“అందరికీ పనులున్నయి బిడ్డా. కూసో.”

రోడ్డు మీద కూర్చుని ఉప్మా తిన్నాను. జై తెలంగాణ అంటే జై తెలంగాణ అన్నాను. లోపల మాత్రం మొదటిసారి నా వాళ్ళ మీద నాకే ఒళ్ళు మండింది, వెంటనే ఏడుపూ వచ్చింది. రెండు గంటలు పోయాయి. రాళ్ళు తీసేటప్పుడు ఆ అవ్వే నా చెయ్యి పట్టుకుని జీపు ఎక్కించి, “కడుపు సంగతి అంటివి, మంచిగయితది తియ్యి,” అంది.

గని గేటు ముందు టెంటులో యాభై అరవై మంది ఉన్నారు. అడిగితే ఆమె భర్తను చూపించారు. సన్నగా ఉన్నాడు, పాతికేళ్ళకు మించవు. ఈసారి ఊరుకోలేదు నేను. పేరడిగాను, భార్య పేరు, తండ్రి పేరు, పెళ్ళి ఏ ఊళ్ళో అయిందో అడిగాను, గేటు పాసు తీయించి ఫోటో చూశాను. పక్కవాళ్ళు నన్ను పోలీసు మనిషిననుకున్నారు. టెంటు వెనక ఒక బండరాయి మీద కూర్చోబెట్టి రక్తం తీశాను.

“అన్న ఇచ్చిండన్నరు గద మేడం?”

“అన్నది పనికిరాదు. నీదే కావాలె.”

సూది లోపలుండగానే మెల్లగా అన్నాడు. “మొదటి పోరడు పోయినప్పుడు మా ఇంట్ల అందరు దాన్నే అన్నరు మేడం. దాని రక్తమే ఖరాబన్నరు. ఇంకో పెండ్లి చేసుకోమన్నరు. నా రక్తంల గూడ ఉన్నదా సూడుండ్రి. ఉంటె ఉన్నదని రాసియ్యుండ్రి.”

నేను తల ఊపాను. మా బొగ్గు బందువెట్టినందుకే మీకు కరెంటు పోతుందంట గద అని అడిగాడు. అవునన్నాను. టెంటు వైపోసారి చూసి, “రెండు దినాలు సమ్మె ఆపుండ్రి అంటె ఆపేటిది గాదు గిది,” అన్నాడు. అతని దోస్తు ఒకాయన బండి మీద నన్ను హనుమకొండలో దింపాడు. దారి పొడుగునా ట్యూబు పెట్టిన సంచి గుండెకు ఆనించుకునే ఉన్నాను.

తెల్లారి సార్‌కు మొత్తం చెప్పాను. చెప్పకుండా పోయినందుకు గాని, అడగకుండా రాసినందుకు గాని ఒక్క మాట అనలేదు. “ముందు పని కానియ్యి,” అన్నాడు. ఆయన తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

కరెంటు పొద్దున తొమ్మిదికి వచ్చి పన్నెండుకు పోతుంది. పంకుల్లో డీజిల్ దొరక్క జనరేటరు మూలన పడి ఉంది. డీఎన్ఏ పెంచే మెషిన్ను ఇన్వర్టరు మీద ఆడించాం. నీళ్ళ తొట్టిని ఇన్వర్టరు లాగలేదు. కడగాల్సిన వేళకు కరెంటు లేదు. సార్ ఇంటి నుంచి గ్యాసు పొయ్యి తెప్పించాడు. గిన్నెలో నీళ్ళు, నీళ్ళలో ట్రే, ట్రేలో నాలుగు పట్టీలు. తండ్రిదొకటి, తల్లిదొకటి, బిడ్డదొకటి, తప్పు ఒకటే మోస్తున్నట్టు ముందే తెలిసిన ఇంకో మనిషిది సాక్షిగా ఒకటి. నేను ఒక చేత్తో థర్మామీటరు పట్టుకుని, ఇంకో చేత్తో ట్రే ఊపుతున్నాను. ఆయన చెంబుతో వేడినీళ్ళు పట్టుకుని నిలబడ్డాడు.

“నలభై ఒకటి.”

ఆయన సన్నగా పోశాడు.

“నలభై ఒకటిన్నర. ఇంక జర. నలభై రెండు, ఆపండి సార్, ఆపండి.”

ఇరవై నిమిషాలు అట్లాగే. ఒక డిగ్రీ తగ్గితే అబద్ధపు చుక్క వస్తుంది, నాలుగు డిగ్రీలు పెరిగితే నిజం చుక్క కూడా కొట్టుకుపోతుంది. నా భుజాలు పట్టేశాయి. ఆయన నుదుటి చెమట ట్రేలో పడుతుందేమోనని వెనక్కి జరగమన్నాను, జరిగాడు.

తర్వాత రంగు మందు పోశాం. ముందు సాక్షి పట్టీ మీద రెండు చుక్కలూ తేలాయి. పని సరిగ్గా జరిగిందన్న మాట. తల్లి పట్టీ మీద రెండు. తండ్రి పట్టీ మీద పై చుక్క తేలింది, కింద ఏమీ లేదు. ట్రే ఇంకోసారి ఊపాను. పలచగా ఒక మరక లాంటిది కనిపించింది, చూస్తుండగానే ముదిరి గుండ్రటి నీలం చుక్క అయింది. బిడ్డ పట్టీ మీద మళ్ళీ కింది చుక్క ఒక్కటే.

ఆమె ఏ తప్పూ చేయలేదు. బిడ్డకు జబ్బు ఉంది. ఈ రెండు మాటలూ ఒకే చుక్క చెప్పింది.

సార్ కుర్చీలో కూలబడి, “ఆ అమ్మాయిని నేను అనుమానించానమ్మా,” అన్నాడు.

“నేను గూడ సార్,” అన్నాను. పొయ్యి ఆర్పేసి, అక్కడే గోడకానుకుని ఏడ్చాను.

మూడో రోజుకు వాళ్ళిద్దరూ హనుమకొండకు చేరారు. అతను దోస్తు బండి మీద, ఆమె ట్రాక్టరులో ఒకింత దూరం, ఆటోలో ఒకింత దూరం. అప్పటికి పంతొమ్మిదో వారం నడుస్తోంది. దవాఖానలో డాక్టరమ్మ గదిలో కూర్చోబెట్టి పట్టీలు ముందు పెట్టి చెప్పాను. తమ పట్టీల మీది రెండేసి చుక్కలను అతను వేలితో తాకి చూశాడు. వాళ్ళ భాషలో ఆమెతో ఏదో అన్నాడు. నాకు అర్థం కాలేదని చూసి, “నాకు గూడ ఉన్నదని చెప్పిన మేడం. ఇంట్ల గూడ చెప్త,” అన్నాడు.

ఏం చేయాలన్నది వాళ్ళిష్టం అని డాక్టరమ్మ చెప్పింది. ఉంచుకుంటే నెలనెలా రక్తం ఎట్లా ఎక్కించాలో కూడా చెప్పింది. ఆ సంగతి వాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇద్దరూ బయట బల్ల మీద గంటసేపు కూర్చుని లోపలికి వచ్చారు.

“మల్ల గా సూదులు మేం గుచ్చిపియ్యలేం,” అన్నాడతను. కడుపు తీయడానికి ఒప్పుకునే కాగితం మీద ఆమె వేలిముద్ర కాదు, సంతకం చేసింది. వంకరటింకర అక్షరాలు, ఒక్కొక్కటీ ఆగి ఆగి రాసింది.

వార్డులోకి తీసుకుపోతుంటే తలుపు దగ్గర ఆమె నా వైపు తిరిగింది.

“అక్కా, ఉమ్మనీరు తీసినప్పుడు ఎన్నో వారం?”

“పదహారు.”

“అప్పుడు కదులుతలేకుండె. మొన్న ఐతారం నుంచి కదులుతాంది. మొదలే ఆయన రక్తం తీస్తే, ఇది కదలకముందే అయిపోవునా?”

కరెంటు అనవచ్చు. సమ్మె అనవచ్చు, బస్సులు లేవనవచ్చు, మీ బావ అట్లా ఎందుకిచ్చాడనవచ్చు. అన్నీ నోటి దాకా వచ్చాయి.

“అయిపోవును,” అన్నాను. “నేను అడగలే. అందుకే ఇన్ని దినాలైంది.”

ఆమె చెయ్యి పొట్ట మీద పెట్టుకుంది.

“ఇప్పుడు గూడ కదులుతాంది,” అంది, లోపలికి పోయింది.